ఎడమ పక్క పచ్చ తలుపు

ఈ పనిలోకి కొత్తగా వచ్చేవాళ్ళు నన్ను ముందుగా జిగురు గురించి అడుగుతారు. ఆ తరవాత రంగుల గురించి, రంగు కొట్టే తుపాకీ గురించి. ముదినేపల్లి నుంచి ఒక అమ్మాయి, ఇంజినీరింగు చదివింది, తను మార్చిన చిన్న కార్ల నమూనాల ఫోటోలు వారానికి రెండైనా నాకు పంపుతుంది. ప్రతి ఫోటో కింద "అంకుల్, ఇది కరెక్టేనా?" అని రాస్తుంది. చాలా ఏళ్ళు ఆ ప్రశ్నకు నా దగ్గర గట్టి జవాబు ఉండేది. ఇప్పుడు లేదు. ఎందుకు లేకుండా పోయిందో చెప్పడానికే ఇది రాస్తున్నాను.

నా పేరు ప్రకాశరావు. ఊరు బందరు. బజారులో దొరికే పాత కార్ల చిన్న నమూనాలను విడదీసి, రంగు తీసి, కొన్ని భాగాలు కొత్తగా చేసి, ఫలానా వాళ్ళింట్లో ఒకప్పుడు ఉన్న కారులా తయారుచెయ్యడం నా వృత్తి. ఇరవై ఏళ్ళు ఆ పనే నాకు తిండి పెట్టింది. అంతకు ముందు రోల్డు గోల్డు నగల కార్ఖానాలో పూత పని చేశాను. రెండేళ్ళ కిందట ఒక కారు కిటికీ చుట్టూ వెండి గీత గీస్తుంటే చెయ్యి వణికి గీత అద్దం మీదికి పోయింది. తుడిచి మళ్ళీ గీశాను. మళ్ళీ పోయింది. కుంచె కడిగి డబ్బాలో పెట్టాను. నా పదవీ విరమణ అంతే. దండలూ లేవు, ఉపన్యాసాలూ లేవు.

నగల తొట్టి దగ్గర

నేను పదో తరగతితో ఆగిపోయినవాణ్ణి. కార్ఖానాలో చేరిన కొత్తలో మధ్యాహ్నం అన్నం టైములో అందరూ గోడ నీడన నడుం వాలిస్తే, నేను సైకిలు తొక్కుకుంటూ ఊళ్ళో గ్రంథాలయానికి వెళ్ళేవాణ్ణి. అక్కడ ఒక బీరువా నిండా పాత విజ్ఞాన సర్వస్వాలు ఉండేవి, సగం వాటికి అట్టలు లేవు. పక్కన నిఘంటువు పెట్టుకుని ఒక్కో పేజీ చదివాను. పూత తొట్టిలో కరెంటు ఎందుకు పనిచేస్తుందో, రాగి మీద బంగారం ఎలా కూర్చుంటుందో నాకు ఆ పుస్తకాలే చెప్పాయి. మోటారు బళ్ళ గురించిన సంపుటం అలాగే చేతికి వచ్చింది. అందులోని బొమ్మలను పల్చటి కాగితం మీద ఎత్తుకుని ఇంటికి తెచ్చుకునేవాణ్ణి. మా వాడలో కారు ఉన్న ఇల్లు ఒక్కటీ లేదు గానీ, ఏ కారు బంపరు ఏ ఏడు మారిందో నాకు నోటికి వచ్చేది.

ఇది గొప్ప కోసం చెప్పడం లేదు. అబద్ధం, గొప్ప కోసమే చెబుతున్నాను. ఆ గొప్పే ఈ కథలో తప్పు చేసింది కాబట్టి ముందే చెప్పడం మంచిది.

మా యజమాని సాంబయ్య గారు నాలుగో తరగతి దాటలేదు. ఎవరైనా పాత నగ తెచ్చి ఇలాంటిది ఇంకొకటి కావాలంటే, నగను చేతిలోకి తీసుకోకముందే అడిగేవాడు: "ఇది ఎవరు పెట్టుకునేవారమ్మా? ఏ వేళప్పుడు పెట్టుకునేవారు?" వాళ్ళు చెబుతుంటే తీరిగ్గా వినేవాడు. అవతల తొట్టి వేడెక్కుతుంటే ఈయన కబుర్లేమిటని నాకు విసుగ్గా ఉండేది.

ఒకసారి దివిసీమ నుంచి ఒక ముసలావిడ ఒంటి దిద్దు తెచ్చింది. రెండోది పోయింది, జత చెయ్యాలి. నేను కొత్తది చేసి, పాతదాన్నీ ఆమ్లంలో కడిగి, రెంటికీ కలిపి మెరుపు పూత వేశాను. పక్కపక్కన పెడితే ఏది పాతదో నాకే తెలియలేదు. మా పనిలో జతలో రంగు తేడా రావడం కంటే పెద్ద తప్పు లేదు. తేడా వచ్చిన గాజులు డజన్ల కొద్దీ తిరిగొచ్చిన రోజులు చూశాను. అందుకే ఆ దిద్దులు చూసి గర్వపడ్డాను.

సాంబయ్య గారు వాటిని అరచేతిలో వేసుకుని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"పాతదాన్ని ఎందుకు కడిగావురా?"

"కడక్కపోతే రంగు కలవదు కదండీ."

"కలవమని ఆవిడ అడిగిందా?"

"జత అన్నారు కదండీ."

"జతంటే కొత్తది పాతదాని దగ్గరికి వెళ్ళాలి. పాతదాన్ని ఈడ్చుకొచ్చి కొత్తదాని పక్కన నిలబెట్టడం కాదు. నలభై ఏళ్ళు ఆవిడ చెవికి రాసుకుని వచ్చిన రంగది. నీ తొట్టిలో ఒక్క నిమిషంలో పోయింది."

ఆ మాట నాకు అప్పుడు ముసలాయన చాదస్తంలా అనిపించింది. ఈ వృత్తికి కావలసిన పాఠం మొత్తం ఆ రోజు కార్ఖానాలోనే నా ముందు పెట్టారు. నేను తీసుకోలేదు.

గుడివాడ డాక్టరు గారి వడ్డాణం

కార్లలోకి ఎలా వచ్చానంటే, గుడివాడలో ఒక డాక్టరు గారికి విదేశీ పాత కార్ల నమూనాలు పోగుచేసే సరదా ఉండేది. ఒక పెద్ద అమెరికా కారు నమూనాకు బంపరు విరిగితే, ఎవరో చెప్పగా మా కార్ఖానాకు పంపారు. అసలు బంపరు ప్లాస్టిక్కుది, దాని మీద మా పూత నిలవదు. నేను ఇత్తడి రేకు కోసి, వంకీలు చేసే అచ్చు మీద కొట్టి, వంచి, పూత వేసి తీసుకెళ్ళాను. ఆయన కళ్ళద్దాలు పైకి నెట్టి చూశారు.

"ఇది కారా ప్రకాశరావు గారూ, పెళ్ళికూతురికి పెట్టే వడ్డాణమా?"

పక్కనున్న కాంపౌండరు పగలబడి నవ్వాడు. డాక్టరు గారే మళ్ళీ అన్నారు: "పని అద్భుతం. మెరుపే ఎక్కువైంది. బజార్లో అంత కారు అంత మెరిస్తే, అరచేతిలో ఇంత కారు ఎంత మెరవాలో లెక్క వేసుకోండి."

పిల్లలూ, ఇది మాత్రం నేను నేర్చుకున్నాను, మీరూ రాసుకోండి. కొలత తగ్గినప్పుడు మెరుపూ తగ్గాలి. రంగు కూడా ఒక పాలు తేలికవ్వాలి. నిజం కారు నుంచి రంగు తెచ్చి పద్దెనిమిదో వంతు కారుకు వేస్తే బొగ్గులా కనిపిస్తుంది. రంగు పొర దళసరిగా ఉంటే తలుపు సందులు పూడిపోతాయి, ఇక అది బొమ్మే. దీపాలకు నేను నగల్లో వాడే తెల్లరాళ్ళు వాడాను, వెనకాల రేకు గీకేసి. చక్రాల మూతలకు దిద్దుల అడుగు బిళ్ళలు వాడాను. స్టీరింగుకు ముక్కు రింగు తీగ. ఇవన్నీ బందరులో పుట్టినవాడికి కళ్ళెదుట పడి ఉండే వస్తువులు. మీ ఊళ్ళో ఏం పడి ఉందో మీరు చూసుకోండి.

ఇంకో మాట కూడా చెప్పాలి. ఈ మధ్య ప్రతి కారుకూ తుప్పు పట్టించడం ఫ్యాషనైపోయింది. వీడియో చూస్తారు, తలుపు కింద ఎర్రమట్టి రంగు పూస్తారు. తుప్పు ఎక్కడ పడుతుందో, వాన నీళ్ళు ఎటు దిగుతాయో తెలియకుండా తుప్పు వేసేవాడూ, నగకు తగరం పూత వేసి వెండి అనేవాడూ నాకు ఒకటే. కోపం వస్తే రానివ్వండి.

డాక్టరు గారి పుణ్యమా అని పని పెరిగింది. విదేశీ కార్లవాళ్ళు తగ్గి, "మా తాతగారి కారు", "మా నాన్న బండి" అంటూ వచ్చేవాళ్ళు ఎక్కువయ్యారు. నేను కార్ఖానా మానేశాను. ఇంటి ముందు గదిలో బల్ల వేసుకున్నాను. ఒక్కో కారుకూ ఏ ఏడు ఏ రంగులు వచ్చాయో, ఏ బంపరు వచ్చిందో గ్రంథాలయంలో చూసి నోటు పుస్తకంలో ఎక్కించాను. వచ్చినవాళ్ళు తడుముకుంటూ చెబుతుంటే నేను పుస్తకం తిప్పి, "కాదండీ, అప్పటికి ఆ బొమ్మ బానెట్టు మీద లేదు" అని దిద్దేవాణ్ణి. జనం ఆశ్చర్యపోయేవారు. కొందరు నన్ను మాస్టారూ అనడం మొదలుపెట్టారు. ఏ బళ్ళోనూ పాఠం చెప్పినవాణ్ణి కాదు. అయినా ఆ పిలుపు నాకు నెయ్యి వేసినట్టు ఉండేది.

అక్కా తమ్ముడూ

ఆరేళ్ళ కిందట సుబ్రహ్మణ్యం అనే ఆయన వచ్చాడు. పామర్రులో ట్రావెల్స్ నడుపుతాడు, యాభై దాటినవాడు. వెంట వాళ్ళక్క నాగమణి గారు. ఆవిడ కాపురం మోపిదేవిలో. వాళ్ళ నాన్న కోటయ్య గారు ఒకప్పుడు అంబాసిడర్ అద్దెకు తిప్పేవాడు. పామర్రులో బస్సు దిగిన యాత్రికులను ఎక్కించుకుని మోపిదేవి గుడికి తీసుకెళ్ళి, దర్శనమయ్యాక మళ్ళీ బస్సు దగ్గర దింపేవాడు. ఆయన పోయి అప్పటికే చాలా కాలమైంది, బండి అంతకు ముందే పోయింది.

"కొత్త ఆఫీసు తెరుస్తున్నా మాస్టారూ," అన్నాడు సుబ్రహ్మణ్యం. "ఎదురుగా గాజుపెట్టెలో నాన్న బండి ఉండాలి. వచ్చినవాళ్ళకి మా మొదలు ఇక్కడ అని చూపించుకోవాలి. నల్ల బండి. ఇదిగో ఫోటో."

నలుపు తెలుపు ఫోటో. బండి ఎడమ పక్క కనిపిస్తోంది. ముందు దండ, చక్రం దగ్గర నిమ్మకాయ, పక్కన చేతులు కట్టుకుని కోటయ్య గారు.

"తలుపు సంగతి చెప్పరా," అంది నాగమణి గారు.

"ఏ తలుపు?"

"ఏ తలుపేంటి? పచ్చ తలుపు!"

"అక్కా, మళ్ళీ మొదలెట్టకు."

ఆవిడ నా వైపు తిరిగింది. "ముందు ఎడమ తలుపు పచ్చదండీ. మిగతా బండంతా నలుపే. నాకు ఎనిమిదేళ్ళుంటాయి. ముందు సీట్లో కూర్చున్నా. కాలవ వంతెన దిగుతుంటే మా క్లాసు పిల్ల కనిపించింది, బండి ఆగకముందే తలుపు తీశా. పక్కనే గడ్డి బండి ఆగుంది. తలుపు దానికి కొట్టుకుని విరిగి వేలాడింది. నాన్న చంపేస్తాడనుకున్నా. ఒక్క దెబ్బ కొట్టలా. మాట కూడా మాట్లాడలా. నాలుగో రోజు బడి దగ్గరికి బండేసుకుని వచ్చాడు. చూస్తే పచ్చ తలుపు! 'ఇది నీ తలుపే, నువ్వు తప్ప ఎవరూ తియ్యకూడదు' అన్నాడు. ఆ తరవాత ముందు సీటు ఎక్కే యాత్రికుల్ని కూడా ఆపేవాడండీ. 'కాసేపాగండి, మా అమ్మాయి తీస్తుంది' అనేవాడు. సెలవుల్లో నేను బండి వెంట తిరిగేదాన్ని, తలుపు తియ్యడానికి."

చెబుతుంటే ఆవిడ కుడిచెయ్యి గాలిలో తలుపు పిడి తిప్పింది.

"ఫోటోలో ఉందా అక్కా?" అన్నాడు తమ్ముడు. "మాస్టారున్నారుగా. ఆయన్నే అడుగు. ఈ బళ్ళ సంగతి ఆయనకి తెలియంది లేదు."

ఇద్దరూ నన్ను చూశారు. అప్పుడు నేను అడగాల్సిన మాట ఒక్కటే. ఈ ఫోటో ఎప్పటిదమ్మా? దండా, నిమ్మకాయా కనిపిస్తూనే ఉన్నాయి. బండి కొన్న రోజు ఫోటో అని పసివాడికైనా తెలుస్తుంది. నేను ఆ మాట అడగలేదు. నోటు పుస్తకం తీశాను.

"ఆ ఏళ్ళలో ఆ బండికి వచ్చిన రంగులివీ అమ్మా. ఇందులో మీరు చెప్పే పచ్చ లేదు. ఫోటోలోనూ తలుపు నల్లగానే ఉంది."

"నేను చూశానండీ."

ఇక్కడ నేను చేసినది రాయడానికి చెయ్యి రావడం లేదు. ఆ మధ్యే గ్రంథాలయంలో మనిషి జ్ఞాపకం ఎలా పనిచేస్తుందో ఒక పుస్తకం చదివి ఉన్నాను. అది బయట పెట్టడానికి ఎవరు దొరుకుతారా అని ఉన్నాను కూడా.

"చిన్నప్పటి జ్ఞాపకాలు ఒకదాన్లో ఒకటి కలిసిపోతాయమ్మా. శాస్త్రం చెబుతుంది. ఎక్కడో చూసిన పచ్చ తలుపు మీ బండికి వచ్చి అతుక్కుని ఉంటుంది. మీరు అబద్ధం చెబుతున్నారని కాదు. మీ మనసు అలా కుట్టుకుంది."

ఆవిడ కాసేపు నా నోటు పుస్తకం వైపే చూసింది. తరవాత కొంగు భుజం మీదికి లాక్కుని, "మీరు చదువుకున్నవారు. అలాగే అయ్యుంటుంది," అంది.

ఆ మాట నాకు మెచ్చుకోలుగా వినిపించింది.

నా జీవితంలో మంచి పని

ఆ బండి మీద నాలుగు నెలలు పనిచేశాను. అంత మంచి పని అంతకు ముందు చెయ్యలేదు, తరవాతా చెయ్యలేదు. నలుపు ఏడు పల్చటి పొరలుగా వేశాను. కప్పు మీద సామాన్ల చట్రం ఇత్తడి తీగతో అల్లాను. లోపల అద్దం దగ్గర వేలాడే చిన్న నాగపడగ కూడా పెట్టాను, అది సుబ్రహ్మణ్యం చెప్పాడు. నాలుగు తలుపులూ తెరుచుకుంటాయి. నాలుగింటి నలుపూ ఒకటే. వెలుతురులో ఎటు తిప్పి చూసినా వెంట్రుకంత తేడా లేదు. పూత తొట్టి దగ్గర బతికినవాడి కన్ను అది. రెండు రంగుల బండి అనే మాటే నాకు తిరిగొచ్చిన సరుకులా ఉండేది.

ఆఫీసు తెరిచిన రోజు నన్ను పిలిచారు. పాస్టరు గారూ, పంతులు గారూ ఇద్దరూ వచ్చారు, ఎవరి ప్రార్థన వాళ్ళు చేశారు. గాజుపెట్టె మూత తీసి అందరికీ చూపించాడు సుబ్రహ్మణ్యం. నాగమణి గారు చివరికి వచ్చింది. చూపుడువేలి గోరుతో ముందు ఎడమ తలుపు తీసింది. లోపలికి చూసింది. మళ్ళీ నెమ్మదిగా మూసింది.

"బాగుందండీ," అంది.

నేను చేతులు జోడించాను.

మస్తాన్ గారి మాట

దానికి మూడేళ్ళ తరవాత, అంటే నా చెయ్యి వణకడానికి కొన్ని నెలల ముందు, వేరే పని మీద గుడివాడ వెళ్ళాను. ఒక పాత జీపు డ్యాష్‌బోర్డు ఎలా ఉంటుందో కళ్ళారా చూడాలి. మస్తాన్ గారని బళ్ళ రేకు పని చేసే పెద్దాయన షెడ్డులో అలాంటిది ఉందన్నారు. ఆయనకు ఎనభై దగ్గర పడ్డాయి, పని కొడుకులు చేస్తారు, ఆయన బెంచీ మీద కూర్చుని తప్పులు చెబుతాడు. నేను ఊరుకుంటే సరిపోయేది. కానీ ఫోనులో నా బళ్ళ ఫోటోలు చూపించడం మొదలుపెట్టాను.

నల్ల అంబాసిడర్ దగ్గర ఆయన వేలు ఆగింది.

"ఇదెవరి బండి?"

"మోపిదేవి కోటయ్య గారిది."

"బాగా చేశావయ్యా. కానీ కోటయ్య బండైతే తలుపు తప్పు."

"ఏ తలుపండీ?"

"ముందు ఎడమది. ఈ చేత్తో బిగించానయ్యా. పచ్చ తలుపు. ఒక లేడీ డాక్టరు గారి బండి గోడకు గుద్దుకుని పనికి రాకుండా పోయింది, తలుపులు మిగిలినయ్. ఆవిడ సరదాపడి బండంతా చిలకపచ్చ వేయించుకుంది. కోటయ్యకి దాన్లోంచి ఒక తలుపిచ్చా. నల్ల రంగు కొడతానయ్యా, ఒక పూట పని అన్నా. వద్దన్నాడు."

"ఎందుకు?"

"వాళ్ళ పాప తలుపు ఇరగ్గొట్టి భయపడి అన్నం సరిగా తినట్లేదంట. 'ఈ రంగు చూస్తే నవ్వుద్ది, ఉంచు' అన్నాడు. అద్దె బండికి ఇదేం ఏషం కోటయ్యా అన్నా. నవ్వాడు."

నేను అన్నదల్లా ఇది: "పుస్తకంలో ఆ రంగు లేదండీ."

మస్తాన్ గారు నన్ను పైనుంచి కిందికి చూశారు. "ఆ పుస్తకం రాసినాయన గుడివాడ వచ్చాడా?"

కొడుకులు సుత్తులాపి నవ్వారు. ఆయన నవ్వలేదు.

మన కృష్ణా జిల్లాలో ఫ్యాక్టరీ నుంచి వచ్చినట్టే చివరిదాకా నడిచిన బండి ఒక్కటి చూపించండి. ఒకదాని ఇంజను ఇంకోదానికి, ఒకదాని తలుపు వేరేదానికి. ఆ బళ్ళు నడిచిన రోడ్ల పక్కనే పుట్టి పెరిగినవాణ్ణి నేను. నాకు ఇది తెలియక కాదు. పుస్తకం తెరిచినప్పుడు తెలిసినది మూసేసేవాణ్ణి.

ఫోను

బస్టాండు నుంచే సుబ్రహ్మణ్యానికి ఫోను చేశాను. మస్తాన్ గారి మాట ఉన్నదున్నట్టు చెప్పాను.

"తెలుసండీ," అన్నాడు.

"తెలుసా?"

"నేనూ ఆ బండెక్కి బడికెళ్ళినవాణ్ణే కదా మాస్టారూ. పచ్చరెక్క బండి అనేవాళ్ళు. నన్ను కూడా పేరుపెట్టి పిలవడం మానేసి పచ్చరెక్క, పచ్చరెక్క అని ఏడిపించేవాళ్ళు. ఆఫీసులో పెట్టుకునే బండి కదా, అతుకులతో ఎందుకని..."

"మరి ఆ రోజు లేదన్నారు."

"నేననలేదండీ. మీరన్నారు."

నిజమే. ఆ రోజు మాటలన్నీ బస్సులో కూర్చుని ఒక్కొక్కటే గుర్తు చేసుకున్నాను. అతను ఒక్కసారి కూడా లేదనలేదు. మాస్టార్నే అడుగు అన్నాడు. అబద్ధం ఆడాల్సిన అవసరం అతనికి లేకుండా నేను చేశాను.

మర్నాడు పొద్దున్నే అతనే ఫోను చేశాడు. "మాస్టారూ, తలుపు మార్చెయ్యండి. అక్క ఏ పచ్చంటే ఆ పచ్చ. నాకు ముదురు ఆకుపచ్చలా గుర్తు, కానీ నా మాట పట్టుకోకండి. అక్కనే అడగండి."

మోపిదేవి

తలుపు ఊడదీసి తెచ్చాను. నల్లరంగు తీసే మందులో వేశాను. నాలుగు నెలల్లో వేసిన ఏడు పొరలూ పది నిమిషాల్లో పొట్టులా లేచిపోయాయి. రంగు తీసెయ్యడం నా పనిలో ఎప్పుడూ సులువైన భాగమే.

తొమ్మిది పచ్చలు కలిపాను. మస్తాన్ గారి చిలకపచ్చ నుంచి సుబ్రహ్మణ్యం ముదురు ఆకుపచ్చ దాకా మధ్యలో ఉన్నవన్నీ. నారుమడి పచ్చ, పచ్చిమామిడి తొక్క పచ్చ, చేపల చెరువు నీళ్ళ పచ్చ. ఒక్కోటి గోరంత రేకు మీద వేసి, దిద్దులు పెట్టుకునే వెల్వెట్టు పెట్టెలో వరసగా అమర్చాను. తలుపును జేబు రుమాలులో చుట్టుకుని మోపిదేవి బస్సెక్కాను.

నాగమణి గారు వరండాలో చిక్కుడుకాయలు ఒలుస్తోంది. నన్ను చూసి లేచి, కాఫీ పెడతానని లోపలికి వెళ్ళబోయింది. ముందు కూర్చోమని, మస్తాన్ గారు చెప్పినదంతా చెప్పాను. తప్పు నాదమ్మా అన్నాను. తమ్ముడి సంగతి అతనే చెప్పుకోవాలని నేను ఎత్తలేదు. ఆవిడే అంది, "వాడు మొన్న ఫోనులో ఏడ్చాడండీ," అని.

తరవాత నవ్వింది. "అయితే నాకు పిచ్చి లేదన్నమాట! మనవరాలికి ఆ కథ చెప్పడం మానేశానండీ. పిల్లకి అబద్ధం చెప్తున్నానేమోనని భయమేసింది."

నేను పెట్టె తెరిచి ఆవిడ ముందు పెట్టాను. "వీటిలో ఏదమ్మా?"

ఆవిడ ఒక్కో రేకూ తీసి వెలుతురులోకి పట్టి చూసింది. మొదటిది పెట్టేసింది. రెండోది పెట్టేసింది. నాలుగోదాన్ని చాలాసేపు పట్టుకుంది. అదీ పెట్టేసింది. తొమ్మిదీ అయ్యాయి. మళ్ళీ మొదటినుంచి తీసింది.

"కళ్ళు మూసుకుని చూడండమ్మా. బడి దగ్గర నిలబడ్డారు. బండి వస్తోంది."

ఆవిడ కళ్ళు మూసుకుంది. చిక్కుడు తొక్కలు ఒళ్ళోంచి కింద పడ్డాయి.

"నాన్న కనిపిస్తున్నాడండీ. ఖాకీ చొక్కా. బండి కూడా కనిపిస్తోంది." ఆగింది. "తలుపు నల్లగా ఉంది."

నేను వంగి తొక్కలు ఏరడం మొదలుపెట్టాను.

"ఇదివరకు అట్టా కాదండీ. ఇదివరకు ముందు తలుపే వచ్చేది, తరవాత నాన్న. ఇప్పుడు మీరు చేసిన బండే వస్తోంది. నల్లగా, మెరుస్తా." కళ్ళు తెరిచి నన్ను చూసింది. ఆ చూపులో కోపం లేదు. ఉంటే బాగుండేది. "అంత బాగా చేశారు మరి."

ఆవిడే నన్ను ఊరడించడానికి చూసింది. "ఏదో ఒకటి వేసెయ్యండి. పచ్చేగా. ఈ చిలకపచ్చ వేసెయ్యండి, ఆ పెద్దాయన చెప్పాడుగా."

వేద్దామనే అనుకున్నాను. చెయ్యి పెట్టె దాకా వెళ్ళింది కూడా. అప్పుడు సాంబయ్య గారి అరచేతిలో మెరుస్తున్న రెండు దిద్దులు గుర్తొచ్చాయి.

"వద్దమ్మా. నేను ఏది వేస్తే రేపటినుంచి మీకు అదే కనిపిస్తుంది. అది మీ నాన్నగారిది అవదు. నాదవుతుంది."

"మరి ఏం చేస్తారు?"

నేను రుమాలు తీసి ఆవిడ ముందు పెట్టాను. ఆవిడ రుమాలు విప్పి తలుపును చేతిలోకి తీసుకుంది. రంగు లేని ఉత్త లోహం. బొటనవేలితో పిడి దగ్గర తడిమింది.

"ఇట్టాగే బిగించండి," అంది. "నాకు ఎప్పుడైనా తడితే కబురు చేస్తా."

ఇంతవరకూ కబురు రాలేదు.

పూత పని చేసినవాడికి ఉత్త లోహం వదిలెయ్యడం ఒంటి మీద చొక్కా లేకుండా బజార్లోకి వెళ్ళడం లాంటిది. ఆ తలుపు మసకబారుతుంది. మూడు నాలుగు నెలలకోసారి పామర్రు వెళ్ళి, గాజుపెట్టె తీయించి, మెత్తటి గుడ్డతో తుడిచి వస్తాను. దాని మీద ఏ పూతా వెయ్యను. తొమ్మిది రేకుల పెట్టె నా బల్ల సొరుగులో ఉంది. నా తరవాత ఆ కబురు వస్తే అందుకోవలసింది ముదినేపల్లి అమ్మాయే. పెట్టె ఎక్కడుందో తనకు చెప్పాను. కబురు రాకముందు మూత తియ్యవద్దని కూడా చెప్పాను.

మొన్న వెళ్ళినప్పుడు టిక్కెట్టు కోసం వచ్చిన ఒకాయన గాజులోంచి వంగి చూస్తున్నాడు. "ఇంత చక్కగా చేసి ఆ ఒక్క తలుపుకి రంగు వెయ్యడం మర్చిపోయారేంటండీ?" అన్నాడు.

గుడ్డ చేతిలో పట్టుకుని నేను పక్కనే ఉన్నాను. సుబ్రహ్మణ్యం నా వైపు చూడకుండానే జవాబు చెప్పాడు.

"మర్చిపోలేదండీ. మాస్టారికి తెలియదు."